ఉగాది ఎచింగ్ బల్ల: హాలువాళ్ళు ఫెర్రిక్ వద్దంటున్నారు

లావణ్య, గురువారం రాత్రి 9:10
శనివారం ఉగాది వేడుకలో మన ఎచింగ్ బల్లకు (రేకు మీది గీతల్ని యాసిడ్‌తో కొరికించి అచ్చు తీయడం) ఇంకా తేలనివి: రాగి రేకులు 24, రేకు మీది ఇంకు తుడిచే స్క్రిమ్ గుడ్డ, కాగితాలు నానబెట్టే ట్రేలు, ప్రెస్ మోయడానికి నలుగురు, నార్విచ్ చిత్రకారుల పోస్టరు. ఎవరేది తెస్తారో ఈ రాత్రికే రాయండి. హాలు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. రేకును కొరికే ద్రవం, ఫెర్రిక్ క్లోరైడ్, లోపలికి తేవద్దట.

మూర్తి, 9:22
ఎందుకమ్మా? నైట్రిక్ యాసిడ్‌లా పొగలు రావు కదా.

లావణ్య, 9:31
మూత బిగిసే డబ్బా, ప్లాస్టిక్ ట్రేలు అని చెప్పి చూశానండి. సింకు స్టీలుది, ఫెర్రిక్ స్టీలును తినేస్తుంది. చెక్క నేల మీద పడితే మరక పోదు. వాడిన ద్రవంలో రాగి కరిగి ఉంటుంది, డ్రైనేజీలో పోయకూడదు. వాళ్ళ మాట న్యాయమే.

రవి, 9:34
పోనీ ఫెర్రిక్ బదులు అల్యూమినియం రేకులు, కాపర్ సల్ఫేట్, ఉప్పు?

సునీత, 9:40
వద్దు రవీ. ద్రవం వేడెక్కుతుంది, హైడ్రోజన్ వస్తుంది. దాన్నీ సింకులో పోయలేం.

మూర్తి, 9:52
అంటే యాసిడ్ లేకుండా సూదితోనే గీసే డ్రైపాయింటేనా? నార్విచ్ చిత్రకారుడు జాన్ క్రోమ్ చేసిన మౌస్‌హోల్డ్ హీత్ ప్రకృతి దృశ్యం రేకు గురించి పిల్లలకు చెబుదామనే కదా ఇదంతా! రేకుకు పూసిన మైనం మీద సూది అడ్డులేకుండా జారుతుంది, లోతు తెచ్చేది యాసిడ్. దూరపు చెట్లు 8 నిమిషాలు కొరికాక రేకు కడిగి, ఆరబెట్టి, వాటి మీద వార్నిష్ పూయాలి. నడిమి పొలం 20, ముందున్న గడ్డి 45. ప్రకృతి దృశ్యంలో దూరం వచ్చేదే అలాగ. అది లేకపోతే గీతలన్నీ ఒకే బరువు. ఏ రబ్బరు స్టాంపో పెట్టుకుంటే సరిపోతుంది.

లావణ్య, 9:58
హాలుతో మాట్లాడేది నేనొక్కదాన్నే. స్టాంపు బల్ల అనడం తేలిక మూర్తి గారూ. ఫోన్ నంబరిస్తాను, మీరే ఒప్పించండి.

సునీత, 10:15
ఇద్దరూ కాస్త ఆగండి. యాసిడ్ పని హాల్లోనే జరగాలని లేదు. రేపు సాయంత్రం స్టూడియోలో ఒకే బొమ్మ మూడు రేకుల మీద కొరికి తెస్తాను: ఒకటి 8కి ఆపింది, ఒకటి 20కి, ఒకటి మూడు దశలూ అయింది. మూడూ పక్కపక్కన అచ్చేస్తే దూరం ఎలా వస్తుందో కంటికి కనబడుతుంది. రేకును ట్రేలో బోర్లా పెడతాను, లేకపోతే మడ్డి గీతల్లో దిగి కొరకడం ఆగిపోతుంది.
మెత్తని మైనం పూసిన రేకులు కూడా తెస్తాను. పైన పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో గీస్తే, గీసినచోట మైనం కాగితానికి అంటుకుని లేచి వస్తుంది. నార్విచ్ చిత్రకారుడు కాట్మన్ 1838 అచ్చుల సంపుటి లైబర్ స్టూడియోరమ్ ఈ పద్ధతే. చెయ్యి మాత్రం రేకుకు ఆనకూడదు, ఆనినచోటల్లా మైనం లేస్తుంది. పిల్లలు గీసినవి వచ్చేవారం కొరుకుతాను.

మూర్తి, 10:24
ఇది బాగుంది. హాలు సంగతి నీ ఇష్టమే లావణ్యా, నంబరు అక్కర్లేదు. డ్రైపాయింట్‌నూ చిన్నచూపు చూడనక్కర్లేదు, ఇంగ్లిష్ ఎచింగ్ కళాకారుడు హేడెన్ 1863 అచ్చు ‘ఐర్లండ్ సూర్యాస్తమయం’లో చెట్ల నలుపు దానిదే. పోస్టరులో క్రోమ్ పక్కన అతన్నీ పెడతాను.

రవి, 10:30
అప్పటికప్పుడు ఇంటికి పట్టుకెళ్ళేవి డ్రైపాయింట్ చేయిద్దాం. 1 మి.మీ. యాక్రిలిక్ ముక్కలు కోసి తెస్తాను.

సునీత, 10:41
అంచులు ఆకురాయితో 45 డిగ్రీలకు అరగదీయి, లేకపోతే కాగితం చిరిగి, ప్రెస్‌లో దాని మీద పరిచే ఫెల్టు గుడ్డ కూడా తెగుతుంది. దూరపు కొండకు సూది తేలిగ్గా, ముందు కంచెకు గట్టిగా. గీత పక్కన లేచే గరుకు అంచు (బర్) పట్టిన ఇంకే ఆ మెత్తని నలుపు. గట్టిగా తుడిస్తే విరిగిపోతుంది. ప్రెస్ కింద కూడా త్వరగా అణిగిపోతుంది కాబట్టి ఒక్కో ముక్కకు మూడు నాలుగు అచ్చులే వేయిద్దాం.

లావణ్య, 10:50
సబ్బునీళ్ళతో పోయే నూనె ఇంకుకు హాలు సరేనంది. కాగితం ఎంతసేపు నానాలి?

సునీత, 10:54
అరగంట. తీశాక బ్లాటింగ్ కాగితాల మధ్య నొక్కాలి. పైన నీళ్ళ మెరుపు కనిపిస్తే ఇంకు పట్టదు.

రవి, 11:02
ప్రెస్ మా వ్యానులో. శనివారం ఎనిమిదిన్నరకు వెనక గేటు దగ్గర ఉంటాను.