ఈటీఓ సైకిల్ సరిగ్గానే నడిచింది, స్పోర్లు మాత్రం చావలేదు

ప్రశ్న: స్టెరిలైజేషన్ విభాగంలో కొత్తగా చేరాను. నిన్నటి ఇథిలీన్ ఆక్సైడ్ (ఈటీఓ) గ్యాస్ లోడ్‌లో స్పోర్ స్ట్రిప్ (పరీక్ష కోసం బ్యాక్టీరియా స్పోర్లు పెట్టిన పట్టీ) పాజిటివ్ వచ్చింది, అంటే స్పోర్లు బతికే ఉన్నాయి. ప్రింటవుట్‌లో గ్యాస్, టెంపరేచర్, టైమ్ అన్నీ బాగానే ఉన్నాయి. ఒకటే టెన్షన్. మామూలు బ్యాక్టీరియాను చంపే గ్యాస్‌కి స్పోర్లు ఎలా దొరక్కుండా పోతాయండీ?

జవాబు: ముందు ఆ లోడ్ మొత్తం వెనక్కి తెప్పించండి. తర్వాత తేమ ఎంతుందో చూడండి. ఈ గ్యాస్ ప్రోటీన్లకూ డీఎన్‌ఏకూ అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. మామూలు బ్యాక్టీరియా, ఫంగస్, వైరస్ తేలిగ్గానే లొంగుతాయి. స్పోర్ అంటే బ్యాక్టీరియా నిద్రావస్థ రూపం, అది అలా కాదు, పైన గట్టి పొరలు, లోపల నీళ్లు బాగా తక్కువ. ఎండిపోయిన స్పోర్ మీద గ్యాస్ సరిగా పనిచేయదు. అందుకే 40-80% తేమ కావాలి. వేడిగాలితో గరగరలాడేలా ఆరబెట్టిన ట్యూబింగ్‌ని నేరుగా లోపల పెట్టి నేనూ ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను.

ప్రశ్న అడిగినవారు: తేమ 28%! ఆ గడి వైపే చూడలేదు. పోనీ, హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా స్టెరిలైజర్‌లో పెట్టనా?

మరో జవాబు: సన్నటి పొడవాటి ట్యూబులైతే మెషిన్ పరిమితి చూసుకోండి. పేపర్, కాటన్ అసలు వద్దు, పెరాక్సైడ్‌ని పీల్చేస్తాయి. స్ట్రిప్ మీద ఉండే బ్యాక్టీరియా స్పోర్లు కూడా మారతాయి: ఈటీఓకి బాసిల్లస్ అట్రోఫేయస్, దీనికి జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్.