‘ఏలినవారు మీతో ఉన్నారు’: మరియమ్మను ‘మీరు’ అనడం తప్పా?

మొన్న గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు, మరియమ్మను పలకరించే మంగళవార్త జపం లాటిన్‌లో ‘తేకుమ్’ అంటే ‘నీతో’ కదా, తెలుగులో ‘మీతో’ అని ఎందుకుంది, అనువాదం తప్పిందా అని. తప్పలేదు తమ్ముడూ. నాకు చాలా ఇష్టమైన మాట ఇది, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా.

మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా వీధిలో సగం బాప్టిస్టు ఇళ్లు, సగం ఆర్‌సీఎం, అంటే రోమన్ కేథలిక్ ఇళ్లు. పొద్దుగూకితే ఎదురింట్లో ‘నీ నామము పరిశుద్ధపరచబడు గాక’ అని వినపడేది, మా ఇంట్లో ‘మీ నామము పూజింపబడునుగాక’ అనేవాళ్లం. దేవుడొకడే, ఆ ఇంట్లో నువ్వు, ఈ ఇంట్లో మీరు! ప్రకాశం జిల్లాలో ఇది మామూలే. ఒంగోలు ప్రార్థన కొండ బాప్టిస్టులది. 1878 జులైలో గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన మిషన్ వాళ్లది. వాళ్ల బైబిలు గ్రీకు మూలాన్ని అనుసరించింది. దేవదూత మరియను పలకరించిన చోట గ్రీకులో ఉన్నది ఏకవచనమే కాబట్టి ‘ప్రభువు నీకు తోడైయున్నాడు’ అని రాశారు. అదీ సరైనదే.

మన జపం మాత్రం తెలుగు మర్యాదను పట్టుకుంది. ‘ఏలినవారు’ అన్న మాటే చూడండి. రాజునో జమీందారునో పేరు పెట్టి పిలవకుండా ‘ఏలినవారి సముఖానికి’ అని అర్జీ రాసుకున్న కాలం నాటి మాట అది. ‘ఏలినవారు’ అని మొదలుపెట్టాక వెంటనే ‘నీతో’ అంటే తెలుగు చెవికి ఎట్లా ఉంటుంది? ఇంకో సంగతి. 18వ శతాబ్దంలో కర్నాటక మిషన్ పేరుతో తెలుగు నేలకు వచ్చిన జెస్విట్ గురువులు ఫ్రెంచివాళ్లు. ఫ్రెంచి జపంలో కూడా మరియమ్మను ‘వూ’ అనే అంటారు, అంటే ‘మీరు’. మన ‘మీరు’ ఆ గురువులకు కొత్తగా అనిపించి ఉండదని నా అభిప్రాయం.

ఈ మాట విజయవాడ గుణదల కొండ మీద నాకు ఇంకా బాగా అర్థమైంది. 1924లో అక్కడి అనాథాశ్రమం చూసుకుంటున్న ఫాదర్ ఆర్లాటి కొండ గుహలో లూర్దు మాత స్వరూపం నిలిపారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో ఉత్సవాలు. మా వైపు వాళ్లు ఉత్సవాలనరు, ‘గుణదల తిన్నాళ్ళు’ అంటారు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు అన్నీ ఉంటాయి. 11వ తేదీకే అంత జనం ఎందుకంటే, ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పిల్లకు మొదటి దర్శనం అయిన రోజు అదే, 1858లో.

బెర్నదెత్ వాళ్లు ఎంత బీదవాళ్లంటే, నాన్న పిండిమర చెయ్యిజారిపోయాక, ఒకప్పుడు జైలుగా వాడిన ఒక్క గదిలో ఇల్లంతా తలదాచుకున్నారు. ఆ పిల్లకు ఫ్రెంచి సరిగా రాదు, వచ్చిందల్లా ఊరి యాస. మూడో దర్శనంలో, ఫిబ్రవరి 18న, ఆ తల్లి అదే యాసలో ‘పదిహేను రోజులు ఇక్కడికి వచ్చే దయ చూపుతారా?’ అని అడిగింది. ‘చూపుతావా’ కాదు, ‘చూపుతారా’. తనను అట్లా ‘మీరు’ అని పిలవడం ఆ పిల్లకు ఆశ్చర్యమైంది, తర్వాత కూడా చెప్పుకుంది. ఊళ్లో ఎవరు అంటారు ఆమెను ‘మీరు’ అని?

అదే బెర్నదెత్ మాత్రం ఆ తల్లిని మొదట్లో ‘అకెరొ’ అంది. అంటే ‘అది’. ఇక్కడే తెలుగు అనువాదకులకు చిక్కు. వాళ్ల యాసలో ఆ మాట పేరు పెట్టలేని దాన్ని చెప్పే నపుంసకం, అందులో అమర్యాద లేదు. మన వ్యాకరణంలో స్త్రీ ఏకవచనం అమహత్తులోకి, అంటే జంతువులు, వస్తువుల వరుసలోకి పోతుంది కాబట్టి ‘అది వచ్చింది’ అంటే వేరే రకంగా వినపడుతుంది. అందుకని ‘ఆమె’ అని రాసేస్తారు. రాయక తప్పదు గానీ, ఆ పిల్ల నోటి తడబాటు మనకు అందదు.

వ్యాఖ్య: అక్కా, లూర్దు అని రాయాలా, లౌర్డెస్ అనా?

జవాబు: లూర్దే తమ్ముడూ. ఫ్రెంచివాళ్లు చివరి ‘స్’ పలకరు, వాళ్ల ‘ద’ కూడా మన ‘ద’ లాగే పళ్ల దగ్గర పలుకుతుంది. ఇంగ్లీషు దారిలో వచ్చుంటే ‘డ’ అయ్యేది. లూర్దమ్మ, లూర్దయ్య, లూర్దు మేరీ పేర్లన్నీ చెవితో విని పెట్టుకున్నవి. మా వీధిలో ఒక లూర్దమ్మ గారి కార్డులో ‘లౌర్డమ్మ’ అని కొట్టారు. ఆమె దాన్ని దిద్దించుకోవడానికి రెండేళ్లు తిరిగింది.

వ్యాఖ్య: నెల్లూరు నుంచి అక్కా. మా నాయనమ్మ గుణదలలో ‘నువ్వే దిక్కు తల్లీ’ అనే మొక్కుద్ది. మరి ఆమె మర్యాద తప్పినట్టా?

జవాబు: అయ్యో, ఎందుకు తప్పుద్ది అబ్బాయ్! మా అమ్మా అంతే. వరుసలో నిలబడి యాభై మూడు పూసలూ ‘మీరే, మీతో’ అనుకుంటూ మెట్లెక్కింది. మైకులో మొదటి సగం వస్తే, జనంతో పాటు రెండో సగం అందుకుంది. గుహ దగ్గరికి రాగానే జపమాల ఎడమ చేతికి చుట్టుకుని, కుడి చెయ్యి రాతికి ఆనించి, గొంతు తగ్గించి ‘అమ్మా, పిల్లోడి సంగతి నువ్వే చూడాల’ అంది. పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.