దవడ కింద నీరు దిగిన గొర్రెలు: జలగలా, నట్టలా?

ప్రశ్న: నమస్కారం. మాది నల్గొండ జిల్లా. 40 నెల్లూరు జాతి గొర్రెలను వానాకాలం మొదలైనప్పటి నుంచి చెరువు శిఖంలో (చెరువు లోపలి నేలలో) మేపుతున్నాము. వాటిలో ఆరింటికి సాయంత్రానికల్లా దవడ కింద నీరు దిగి తిత్తిలా వేలాడుతోంది, తెల్లవారేసరికి తగ్గుతోంది. పారుడు లేదు. నెల క్రితమే నట్టల మందు తాగించాము. పేడ పరీక్షలో జలగలు (కార్జంలో చేరే చదును పురుగులు) లేవన్నారు. మళ్లీ మందు తాగించమంటారా?

జవాబు (విశ్రాంత పశువైద్యాధికారి): తొందరపడి తాగించకండి. దవడ వాపు రక్తం, అందులోని మాంసకృత్తులు తగ్గాయని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. కార్జపు జలగలు ఉన్నా, జఠరంలో రక్తం పీల్చే హీమాంకస్ నట్టలు ఉన్నా ఇదే వాపు వస్తుంది. మొదట ప్రతి గొర్రెనూ ఎండ వెలుతురులోకి తెచ్చి, కింది రెప్పను తిప్పి లోపలి పొర రంగు చూడండి. రెప్ప రంగుతో పోల్చి చూసేందుకు దక్షిణాఫ్రికాలో రూపొందిన రంగుల కార్డు ప్రకారం ఎరుపు నుంచి తెలుపు దాకా 5 మెట్లు ఉంటాయి. 4, 5 మెట్లలో ఉన్నవాటికి చికిత్స ఆలస్యం చేయరాదు. అయితే పిడుదులు ఎక్కువగా పట్టినా రెప్ప తెల్లబడుతుంది కాబట్టి చెవులు, తొడల సందులు కూడా వెతకండి.

ఇక పేడ పరీక్ష సంగతి. జలగ గుడ్లు బరువైనవి కనుక మామూలు పరీక్షలో గుడ్లను తేల్చడానికి వాడే ఉప్పునీటిలో తేలవు, నీటిలో కలిపి అడుగుకు దిగిన మడ్డిలోనే వాటిని చూడాలి. పైగా జలగ గొర్రెలో చేరిన మూడు నెలల దాకా గుడ్లు పెట్టదు. అందువల్ల తొలి పరీక్షలో లేవన్నంత మాత్రాన జలగ లేదని అనుకోకూడదు.

ప్రశ్న: మడ్డి పరీక్ష కూడా చేయించాము. జలగ గుడ్లు కనిపించలేదు, నట్టల గుడ్లు మాత్రం గ్రాముకు 2,400 ఉన్నాయట. నాలుగు గొర్రెల రెప్పలు దాదాపు తెల్లగా ఉన్నాయి. పిడుదులు లేవు.

జవాబు: పారుడు లేకుండా రెప్పలు పాలిపోయాయంటే హీమాంకస్ మీదే నా అనుమానం. ఇది శరీరంలో చేరిన మూడు వారాలకే గుడ్లు పెడుతుంది కాబట్టి, మందు తాగించిన తరువాత శిఖం గడ్డితో మళ్లీ సోకి ఉండవచ్చు, లేదా మందే పనిచేసి ఉండకపోవచ్చు. ఇది తేల్చుకోవాలంటే మీ డాక్టరు గారు చెప్పిన మందును జీవాలను తూకం వేసి తాగించండి. కంటి అంచనాతో పోస్తే బరువైన పొట్టేళ్లకు చాలదు. అదే రోజు పది గొర్రెల పెంటికలు, మళ్లీ 10 నుంచి 14 రోజుల తరువాత అవే గొర్రెలవి లెక్కించండి. గుడ్లు 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ రకం మందుకు నట్టలు లొంగడం లేదని అనుమానించి మరో రకానికి మారాలి.

ప్రశ్న: మాకు ఆసుపత్రి దూరం. పెంటికలను రాత్రి ఇంట్లో ఉంచవచ్చా?

జవాబు: ఉంచవచ్చు. నేల మీదివి కాకుండా మలద్వారం నుంచే తీసి, గాలి లేకుండా సంచిలో కట్టి, గొర్రె గుర్తు రాసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయట వేడికి గుడ్లు పిల్లలై లెక్క తప్పుతుంది, మంచు కట్టే అరలో పెడితే గుడ్లు చెడిపోతాయి.