వాత ప్రకృతి అని తేలితే చోడి (రాగి) అంబలి మానేయాలా?

ఆమదాలవలస కోడలు:
మొన్న ఒక ఆయుర్వేద శిబిరంలో ప్రకృతి పరీక్ష చేశారు, అంటే ఒంటి తత్వంలో వాతం, పిత్తం, కఫం అనే దోషాల్లో ఏది ఎక్కువో చూడటం. నిద్ర, ఆకలి, చర్మం, మాట వేగం గురించి అడిగి, పది నిమిషాల్లో "మీది వాత ప్రకృతి" అన్నారు. చోడి అంబలి, సెనగలు మానేయమన్నారు. ఆ మర్నాడే మానేసి ఇడ్లీ మొదలుపెట్టాను. పదిహేను రోజులైంది. పదకొండు కాకుండానే నీరసం వస్తోంది, మలబద్ధకం ఎక్కువైంది. మా అత్తగారు పొద్దున్నే గిన్నెడు అంబలి తాగి, ఉల్లిపాయ నంజుకుని పొలానికి వెళ్లే మనిషి. "చిన్నప్పట్నుంచి తాగినదానికి ఇప్పుడు వాతమేటమ్మా" అంటారు. ఎవరి మాట వినాలి?

విజయనగరం మేష్టారు:
శిబిరం వాళ్లది తప్పని అనలేనమ్మా. కొర్రలు, ఆరికల వంటి చిరుధాన్యాలు చలవ చేస్తాయనీ, తేలికనీ, వాతాన్ని పెంచుతాయనీ అష్టాంగహృదయమనే పాత ఆయుర్వేద గ్రంథంలోనే ఉంది. చోడిని కూడా ఆ వరసలోనే లెక్కేస్తారు. ప్రకృతి కడుపులో పడ్డప్పుడే ఏర్పడుతుంది, మారదు. కాబట్టి తిండే మారాలి.

నాగావళి ఒడ్డు:
మేష్టారూ, నాకు రెండు చోట్ల రెండు రకాలుగా చెప్పారు. ఒకరు పిత్తం అన్నారు, ఇంకొకరు వాతపిత్తం అన్నారు. 2015లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 262 మంది జన్యువులను ప్రకృతితో పోల్చి కొన్ని తేడాలు చూపారు. దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఫలానా ప్రకృతివాళ్లు ఫలానాది తింటే జబ్బు రాదని అందులో తేలలేదు. ఆ పేరు పెట్టి ఇంట్లో తిండి మాన్పించడం అన్యాయం.

బొబ్బిలి వైద్యం:
నేను ఆయుర్వేదం చదివి ప్రాక్టీసు చేస్తున్నాను. ఇద్దరి మాటా సగమే అనిపిస్తోంది. ప్రకృతి పుట్టుకతో వచ్చినది. ఇవాళ ఒంట్లో పెరిగిన దోషం వికృతి. మేం వైద్యం చేసేది వికృతికి. వాత ప్రకృతి మనిషికి కూడా చైత్రంలో కఫం పెరగొచ్చు. పెద్ద తీర్మానం చేసేముందు నాడి, నాలుక, జీర్ణశక్తి, వయసు, కాలం, చేసే పని అన్నీ చూడాలి.

ఇంకో మాట. హాని చేసే అలవాటునైనా ఒక్కసారిగా వదలకూడదు, పావు వంతు చొప్పున తగ్గించుకుంటూ పోవాలని ప్రాచీన ఆయుర్వేద వైద్యుడు చరకుడు తన గ్రంథంలో సూత్రస్థానమనే భాగం 7వ అధ్యాయంలో చెప్పాడు. ఏళ్ల తరబడి తిని ఒంటికి పట్టినదాన్ని ఓకసాత్మ్యం అంటాం. అక్కా, మీరు రాత్రికి రాత్రే మానేశారు. అంబలితో పాటు అందులోని పీచూ పోయింది, మలబద్ధకం రాక ఏమవుతుంది? మళ్లీ మొదలుపెట్టండి. చల్లారిపోయినది కాకుండా గోరువెచ్చగా తాగండి. పల్చటి మజ్జిగ, కాస్త అల్లం, వేయించిన జీలకర్ర వేసుకోండి. వారానికి రెండుసార్లు నువ్వుల నూనె రాసుకుని వేడినీళ్లు పోసుకోండి. వేళకు నిద్రపోండి. వాతాన్ని అదుపులో పెట్టేది ముఖ్యంగా వేళ తప్పని తిండీ నిద్రే. వానాకాలంలో మాత్రం జాగ్రత్త, వాతం ప్రకోపించేది అప్పుడే.

కవిటి కొబ్బరితోట:
ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇంటికో కిడ్నీ రోగి అన్నట్టుంది మా పరిస్థితి, కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మీ ప్రకృతికి ఇదంటూ ఎవరైనా పేరు లేని చూర్ణమో, భస్మమో చేతిలో పెడితే తీసుకోకండి. మా బాబాయి అలాగే ఒక పొట్లం మూడు నెలలు వాడాడు, అందులో ఏముందో ఇచ్చినవాడు కూడా చెప్పలేకపోయాడు. ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

విజయనగరం మేష్టారు:
పావు వంతు సంగతి నాకు తట్టలేదు. అమ్మాయ్, నేను తొందరపడ్డాను. చిరుధాన్యం వాతం చేస్తుందన్న మాట మీద మాత్రం నిలబడతాను. అందుకే మజ్జిగా అల్లమూ వేయమన్నారు.

ఆమదాలవలస కోడలు:
నీరసం తగ్గకపోతే రక్త పరీక్ష కూడా చేయించుకుంటాను. ఈ రాత్రికి చోడిపిండి నానబెట్టాను. పొద్దున్న నూకలు ఉడికాక కలిపి తిప్పేటప్పుడు పిలవమని అత్తగారు అన్నారు, ఉండలు కట్టకుండా తిప్పడం నాకింకా రాదు.