కరెంటు బిల్లు పెరిగితే ముందు మారాల్సింది అలవాట్లా, ఇంట్లో సామానా?

ఇంటి_జమాఖర్చు:
ఏడాదిగా బిల్లు పెరుగుతూనే ఉంది, జీతం మాత్రం ఉన్నచోటే ఉంది. దీని మీద మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి. గది వదిలితే స్విచ్ ఆపాల్సిందే, అలవాటు మారితే బిల్లు అదే దిగుతుందని ఒకరంటారు. పాత ఫ్యాన్లు, పాత ఫ్రిజ్ మార్చకుండా ఎంత అరిచినా లాభం లేదని ఇంకొకరి వాదన. నెలాఖరుకి మిగిలేది కొంచెమే, అందుకే ఇది మాకు పెద్ద టెన్షన్ అయిపోయింది. ముందు దేనికి పూనుకోవాలి?

అలవాటే_ముందు:
నిస్సందేహంగా అలవాటే. కొత్త వస్తువు కొన్నంత మాత్రాన వాడకం తగ్గదు. ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే బొగ్గు గురించి ఈ మాట అన్నారు: యంత్రాలు బొగ్గును పొదుపుగా వాడటం మొదలుపెడితే మొత్తం బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది. ఎల్ఈడీ బల్బులతో మనం చేస్తున్నదీ అదే. దీనికేం కాలుతుందిలే అని తెల్లవార్లూ వదిలేస్తాం. పైగా అలవాటు మార్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఛార్జర్లు ప్లగ్గులోనే ఉంటాయి, టీవీ ఎవరూ చూడకపోయినా మోగుతూనే ఉంటుంది. పిల్లలకి ఇవి ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాం?

మీటర్_మాట:
అలవాట్లు మార్చుకోవాలన్నది నేనూ కాదనను. అయితే ఏ అలవాటు అన్నది తేల్చుకోకుండా ఇంటిల్లిపాదినీ సాధిస్తే మనశ్శాంతి పోవడం తప్ప బిల్లు కదలదు.

మీరు చెప్పిన ఛార్జర్ సంగతే చూడండి. ఫోన్ తగిలించకుండా వదిలేసిన ఛార్జర్ అర వాటు లాగుతుందనుకుందాం. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి, ఏడాదంతా కలిపినా నాలుగున్నర యూనిట్లు దాటదు. పది వాట్లు లాగే సెట్‌టాప్ బాక్స్ రాత్రింబవళ్లు ఆన్‌లో ఉంటే అదే ఏడాదికి దాదాపు 88 యూనిట్లు. మన కళ్లకి రెండూ ఒకే తప్పులా కనిపిస్తాయి, మీటర్ దగ్గర మాత్రం ఇరవై రెట్లు తేడా.

ఇంకోటి. 15 లీటర్ల నీళ్లని 20 డిగ్రీలు వేడెక్కించాలంటే సుమారు 0.35 యూనిట్ పడుతుంది. అంత కరెంటుతో 9 వాట్ల ఎల్ఈడీ బల్బు దాదాపు 39 గంటలు వెలుగుతుంది. ఇక నీళ్లు నిలవ ఉండే గీజర్ పొద్దస్తమానం ఆన్‌లో ఉంటే, ఎవరూ వాడకపోయినా ట్యాంకులోని వేడి బయటికి పోతూనే ఉంటుంది, గీజర్ మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది. బల్బు దగ్గర పిల్లల్ని కోప్పడే ఇళ్లలో గీజర్ ఎవరికీ పట్టదు. నాకు బాధ కలిగించేది ఇదే: తిట్లన్నీ వెలుతురుకి, ఖర్చంతా వేడికి. వేడిచేసేవి, చల్లబరిచేవి, రోజంతా ఆగకుండా నడిచేవి, ఈ మూడు రకాల్నీ ముందు పట్టుకోవాలి.

జమాఖర్చు గారూ, అన్నిటికంటే ముందు ఒక పని చేయండి. పోయినేడు ఇదే నెల బిల్లూ, ఈ నెల బిల్లూ పక్కపక్కన పెట్టి డబ్బు కాకుండా యూనిట్లు చూడండి. యూనిట్లు అంతే ఉండి డబ్బు పెరిగితే రేటో, స్థిర ఛార్జీలో పెరిగాయన్నమాట. అందుకు ఇంట్లోవాళ్లని నిందించడం అన్యాయం. రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో కూడా లెక్కపెట్టండి. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరిగే స్లాబుల పద్ధతి ఉన్నచోట రీడింగ్ ఆలస్యమైతే, దాన్ని సర్దకపోతే, పై స్లాబులో పడిపోయే ప్రమాదం ఉంది.

అద్దె_ఇంటివాళ్లం:
ఈ లెక్కలు సొంతిల్లు ఉన్నవాళ్లకి బాగానే ఉంటాయి. గీజర్, ఏసీ యజమానివైతే మేం ఏం మారుస్తాం? మా చేతిలో ఉన్నది ఫ్రిజ్ ఒక్కటే. దాని తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగితే సులువుగా జారి వచ్చేసింది. రబ్బరు వదులైందన్నమాట. చల్లదనం బయటికి పోతుంటే ఫ్రిజ్ ఎంత మంచిదైనా మోటారు ఆడుతూనే ఉంటుంది. రబ్బరు మాత్రం మార్పించాం, ఫ్రిజ్ అదే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పొదుపు పేరుతో పెద్దవాళ్లనీ పసిపిల్లల్నీ చలికో ఎండకో వదిలేయకండి. సమశీతోష్ణ, చలి దేశాల్లో చలికాలంలో ఇంటిలోపల 18 డిగ్రీలకి తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. బిల్లు మిగిల్చి ఆసుపత్రికి కట్టడం పొదుపు కాదు. కోత పెట్టాల్సి వస్తే ఇంకెక్కడైనా పెడదాం.

మీటర్_మాట:
18 డిగ్రీల మాటకి నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. కొత్త సామాను గురించి కూడా తొందరపడొద్దు. 75 వాట్ల పాత ఫ్యాన్ తీసి 30 వాట్లది పెట్టారనుకోండి. రోజుకి పది గంటలు తిరిగే గదిలో ఏడాదికి 164 యూనిట్లు మిగులుతాయి, రెండు గంటలే తిరిగే గదిలో 33. కాబట్టి అన్నీ ఒకేసారి మార్చనక్కర్లేదు, ఎక్కువ తిరిగే ఫ్యాన్ ఒక్కటి చాలు. మిగిలే యూనిట్లని మీ పై స్లాబు రేటుతో గుణించండి, ఎందుకంటే తగ్గేవి ఆ ఖరీదైన యూనిట్లే. వాయిదాల మీద కొంటే, ఏటా కట్టే వడ్డీ ఏటా మిగిలేదానికంటే ఎక్కువైతే కొనకండి.

బడ్జెట్ వరకు, పన్నెండు నెలల బిల్లులు కలిపి పన్నెండుతో భాగించి, అంత మొత్తం ప్రతి నెలా పక్కన పెట్టండి. తక్కువ వచ్చిన నెలలో మిగిలింది ఖర్చు చేయకుండా ఉంచితే, ఎక్కువ వచ్చిన నెలలో అప్పు చేయనక్కర్లేదు. అప్పటికీ కట్టలేని పరిస్థితి వస్తే గడువు దాటకముందే వెళ్లి వాయిదాలు అడగండి. దాటాక అడిగితే అప్పటికే జరిమానా పడి ఉండొచ్చు.

అలవాటే_ముందు:
ఛార్జర్ విషయంలో మీ లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ స్నానం కాగానే గీజర్ ఆపడం, పడుకునే ముందు సెట్‌టాప్ బాక్స్ ఆపడం ఇవీ అలవాట్లేగా? కొత్త ఫ్యాన్ కొన్నా దాన్ని ఆపాల్సింది మనిషే. నా మాట మీద నేనున్నాను, కాకపోతే పిల్లలకి చెప్పే జాబితా మారుస్తాను.

ఇంటి_జమాఖర్చు:
బిల్లులు తీసి చూశాను. యూనిట్లు పెరిగింది స్వల్పమే, రేటు పెరిగింది ఎక్కువ. ఈ సంగతి ముందుగా ఇంట్లో అందరికీ చెప్పాలి. ఫ్రిజ్ ఇప్పుడప్పుడే మార్చం. రోజంతా తిరిగే హాల్లో ఫ్యాన్ ఒక్కటి మారుస్తాం, గీజర్ ఆపే బాధ్యత ఆఖరున స్నానం చేసినవాళ్లది.