హాండెల్ పాసకాలియా: రెండో బార్‌లో కీ మారిందా, లేదా?

కొత్తపియానో:
రీల్స్‌లో విని విని ఆగలేక హాండెల్ రాసిన పాసకాలియా అనే ముక్క మొదలుపెట్టాను. 1720లో అచ్చయిన జి మైనర్ సూట్‌లో (కొన్ని ముక్కల కట్ట) చివరి భాగం, తర్వాత దాని మీద హాల్వర్సన్ వయొలిన్, వయోలాలకి రాసింది కాదు. నాలుగే బార్లు (తాళం ఆవర్తాల్లాంటివి), బార్‌కి రెండు కార్డ్‌లు (కలిపి మోగే స్వరాలు): జి మైనర్, సి మైనర్, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎ డిమినిష్డ్ (ఐదో స్వరం కుదించిన కార్డ్), డి, జి మైనర్. దీన్నే తిప్పి తిప్పి వేరియేషన్లు. రెండో బార్‌లో బి ఫ్లాట్ రాగానే నాకు వేరే ఇంట్లో అడుగుపెట్టినట్టు ఉంటోంది. అక్కడ కీ, అంటే పాట ఇల్లనుకునే స్వరం, మారిందని రాయాలా వద్దా?

థియరీ_టీచర్:
మారలేదు. ఇది ఐదో స్వరం చొప్పున దిగే సీక్వెన్స్, అంటే ఒకే నడక జరుగుతూ మళ్ళీ మళ్ళీ రావడం. కేడెన్స్ (ముగింపు పలికే కార్డ్‌ల జంట) లేకుండా కీ మారదు, కేడెన్స్ నాలుగో బార్‌లో ఉంది, అది జి మైనర్‌లో. అయిపోయింది.

నల్లమెట్టు:
అయిపోలేదు మేడమ్. జి మైనర్‌కి లాగేది ఎఫ్ షార్ప్. రెండో బార్‌లో ఉన్నది మామూలు ఎఫ్, దాని మీద మేజర్ కార్డ్, వెంటనే బి ఫ్లాట్. చంటిపిల్లాడిని కూర్చోబెట్టి వినిపించినా అది బి ఫ్లాట్ కీలో ఐదో మెట్టు నుంచి ఒకటో మెట్టుకి రావడమే. చెవికి తెలిసింది కాగితం మీద ఎందుకు ఉండకూడదు?

బేస్‌గొంతు:
ముందు నాకో సంగతి చెప్పండి. దిగే సీక్వెన్స్ అంటున్నారు, జి నుంచి పైనున్న సికి ఎక్కొచ్చు కదా, ఎక్కితే దిగేది ఎలా అయింది?

థియరీ_టీచర్:
ఐదు మెట్లు దిగినా నాలుగు ఎక్కినా చేరేది ఆ సికే. కీబోర్డ్ అంచు దాటకుండా ఉండాలని ఒకటి ఎక్కి ఒకటి దిగుతారు.

బేస్‌గొంతు:
అంటే సగం ఎక్కేదే. పేరు తప్పు.

నల్లమెట్టు:
బాబూ, రెండేసి కార్డ్‌ల జంటలుగా చూడు. జంటల్లో మొదటి కార్డ్‌లు జి, ఎఫ్, ఇ ఫ్లాట్, డి. మెట్టు మెట్టు దిగుతోందా లేదా? ఇక వదిలెయ్.

బేస్‌గొంతు:
జంటలు దిగుతాయి, బేస్ (అడుగు స్వరం) దిగదు. నేనన్నదీ అదే.

సరిగమ_శని:
మన కర్ణాటక సంగీతం దాటు వరుసల్లో సమగమ రిగసరి అయ్యాక రిపమప గమరిగ వస్తుంది. ఉన్న ముక్కే ఒక స్వరం జరిగింది. రాగం మారిందా అని మా గురువుగారిని అడిగితే వీపు పగులుతుంది.

నల్లమెట్టు:
అక్కడ కార్డ్‌లు లేవు గురూ, పోలిక కుదరదు.

థియరీ_టీచర్:
పోలిక బాగానే కుదిరింది. ఫెటిస్ అనే సంగీత సిద్ధాంతకర్త 1844లోనే చెప్పాడు, సీక్వెన్స్ నడిచినంత సేపూ చెవి కీ సంగతి పక్కన పెట్టి, చివర కేడెన్స్ దగ్గర మళ్ళీ అందుకుంటుందని. మోత్సార్ట్ 545 సొనాటా మొదటి మూవ్‌మెంట్‌లో 18 నుంచి 21 బార్లు చూడండి, ఇదే నడక, జి మేజర్‌లో. దారిలో మైనర్ కార్డ్‌లు వచ్చాయని ఎవరైనా మైనర్ కీకి వెళ్ళామంటారా? పైగా అన్నీ కచ్చితమైన ఐదో స్వరాలైతే ఇ ఫ్లాట్ తర్వాత ఎ ఫ్లాట్ రావాలి, అలాగే పోతే పన్నెండు కీలూ తిరగాలి. ఎ డిమినిష్డ్ పెట్టిందే జి మైనర్ గడప దాటకుండా. ఊరు దాటనివాడికి ప్రయాణం ఎక్కడిది?

నల్లమెట్టు:
ఆ ఎ డిమినిష్డ్ మూడో బార్‌లో ఉంది, నేను అడుగుతున్నది రెండో బార్. బి ఫ్లాట్ కార్డ్ మీద చేతులు ఆపి పది సెకన్లు కూర్చోండి. ఇంట్లో ఉన్నట్టు లేదంటే నా కీబోర్డ్ అమ్మేస్తాను.

థియరీ_టీచర్:
మీరు ఆపారు. హాండెల్ ఆపలేదు.

నల్లమెట్టు:
ఇదిగో ఈ టోన్. సరిగ్గా ఈ టోన్‌లోనే పదకొండేళ్ళ కింద ఒక మేడమ్ నా పేపర్‌లో నాలుగు మార్కులు కోసి, క్లాసు మొత్తం ముందు "చెవి ఉంది, చదువు లేదు" అన్నారు. నేను రాసింది "బి ఫ్లాట్‌ని తాకి వచ్చింది" అని, కీ మారిందని కూడా కాదు. మళ్ళీ ఆ పరీక్షల జోలికి పోలేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో వాయిస్తున్నాను. హాండెల్ కాలంలో ఇటలీలోని నేపుల్స్ సంగీత పాఠశాలల్లో అనాథ పిల్లలకి ఇవే నడకలు బేస్ లైన్ చూసి చేతులతో నేర్పారు, రోమన్ అంకెలు (కార్డ్‌లకి I, V అని పెట్టే పేర్లు) లేకుండా. ఆ అంకెలు వాడుకలో పడేసరికి హాండెల్ పోయి యాభై ఏళ్ళు దాటింది.

సరిగమ_శని:
ఓహో, అసలు కథ ఇదన్నమాట.

థియరీ_టీచర్:
ఆవిడ అలా అని ఉండకూడదు. "తాకి వచ్చింది" అని రాస్తే నేను మార్కులు ఇచ్చేదాన్నే. కానీ నా బాధ వేరు. పోయిన నెల ఒక పిల్లాడు ఈ నాలుగు బార్లకీ నాలుగు కీలు రాసి తెచ్చాడు. ఎనిమిది కార్డ్‌లూ ఒక ఊపులో వెళ్తున్నాయని వాడికి వినపడలేదు, ఒక్కో కార్డ్ దగ్గరా దిగి పేరు అడుగుతున్నాడు. అందుకే నేను గట్టిగా మారలేదంటాను.

నల్లమెట్టు:
వాడికి ముందు వాయించడం నేర్పండి, పేర్లు తర్వాత. నా గొడవంతా అదే.

థియరీ_టీచర్:
వాయించడం వాళ్ళకి వచ్చండీ. వినడమే రావట్లేదు.

కొత్తపియానో:
ఇంతకీ రేపు క్లాసులో ఏం రాయమంటారు?

బేస్‌గొంతు:
సగం ఎక్కే సీక్వెన్స్ అని రాయండి.