గెలిచినవాడి నోటిదురుసుకు ఉత్తర కుమారుడి పేరెందుకు?

ప్రశ్న: సత్యనారాయణపురం, విజయవాడ

క్రీడా పేజీకి అనువాదాలు చేస్తుంటాను. ఆట ముగిశాక ఆటగాళ్లు మాటలు తూలడం, దానిపై జనం మండిపడటం గురించి ఒక వ్యాసం చేతిలో ఉంది. అందులో అసలు ఉదాహరణ 2014 జనవరి 19 నాటిది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సియాటిల్ సీహాక్స్ 23-17తో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును ఓడించింది. ప్రత్యర్థి క్రాబ్‌ట్రీకి అందాల్సిన బంతిని ఆఖరి ఘడియలో చేత్తో తట్టి గెలుపు ఖాయం చేసినవాడు రిచర్డ్ షెర్మన్. ఎరిన్ ఆండ్రూస్ మైకు పెట్టగానే కెమెరా వైపు చూస్తూ, తన స్థానంలో తనను మించినవాడు లేడని, క్రాబ్‌ట్రీ లాంటి నాసిరకం ఆటగాడిని తన మీదికి పంపితే ఇలాగే అవుతుందని అరిచాడు. నేను ‘షెర్మన్ ఉత్తర కుమార ప్రగల్భాలు’ అని శీర్షిక పెట్టాను. మా పెద్దాయన కొట్టేశారు, కారణం మాత్రం చెప్పలేదు. తప్పెక్కడుంది?

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

కొట్టేయడం సబబే. ఉత్తరుడు ప్రగల్భాలు పలికింది యుద్ధానికి ముందు, అదీ అంతఃపుర స్త్రీల మధ్య. కౌరవులు ఆవులను తోలుకుపోతున్నారని గోపాలకుడు వచ్చి మొరపెట్టుకుంటే, సరైన సారథి లేక ఆగాను గానీ భీష్మద్రోణకర్ణులు నాకొక లెక్కా అన్నాడు. సైరంధ్రి బృహన్నలను చూపించేసరికి ఇరుక్కున్నాడు. చెల్లెలూ చెలికత్తెలూ బొమ్మలకు కట్టడానికి కౌరవుల పట్టుబట్టలు తెచ్చిపెట్టమన్నారు. తీరా ఆ సేనను చూడగానే రథం మీంచి దూకి పరుగు లంకించుకున్నాడు. ఈ నుడికారం చెల్లాలంటే ముందు కోతలుండాలి, వెనక పరుగుండాలి. షెర్మన్ పని పూర్తి చేసి మాట్లాడాడు. ఆ మాట తీరు నచ్చకపోవచ్చు, అది వేరు.

జనం మరిచిపోయిన సంగతి ఇంకొకటుంది. యుద్ధమయ్యాక విరాటుడు కొడుకును ఆకాశానికెత్తుతుంటే, ఆవులను మళ్లించింది నేను కాదు, శత్రువులను గెలిచింది నేను కాదు, ఒక దేవపుత్రుడు అన్నాడు ఉత్తరుడు. ఆట ముగిశాక ఇంత మర్యాదగా మాట్లాడినవాడు భారతంలో అరుదు. పాపం, ఆయన పేరు మనం గెలిచి అరిచేవాళ్లకు తగిలిస్తున్నాం! ఆ పూట గొప్పలు పోయింది తండ్రి. బృహన్నల తోడుండగా గెలవక ఏమవుతాడు అన్నందుకు కంకుభట్టు ముఖాన పాచిక విసిరి నెత్తురు కళ్లజూశాడు. వీరాభిమాని అంటే అదీ. తిక్కన విరాటపర్వం మరోసారి తిరగేయండి. తన తాత భాస్కర మంత్రిని ఆయన ‘గుంటూరి విభుడు’ అన్నాడు కాబట్టి ఈ వ్యవహారంలో మా ఊరికి కాస్త హక్కుంది.

ఆ శీర్షిక వృథా పోకూడదనుకుంటే 1976 నాటి ఇంగ్లండ్ క్రికెట్ కెప్టెన్ టోనీ గ్రెగ్‌కు వాడండి. సిరీస్ మొదలవక ముందే వెస్టిండీస్‌ను తమ కాళ్ల దగ్గర సాగిలపడేలా చేస్తానని టీవీలో అన్నాడు. దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్ల కెప్టెన్ నల్లజాతి ఆటగాళ్ల జట్టును ఉద్దేశించి ఆ మాట అనడంతో అది మరీ లోతుగా గుచ్చుకుంది. రిచర్డ్స్ ఆ సిరీస్‌లో 829 పరుగులు చేశాడు, ఓవల్‌లో హోల్డింగ్ 14 వికెట్లు తీశాడు, ఇంగ్లండ్ 0-3తో ఓడింది. చివరికి గ్రెగ్ అదే ఓవల్‌లో వెస్టిండీస్ అభిమానుల ముందు నవ్వుతూ మోకాళ్ల మీద పాకాడు. కోతలూ ఉన్నాయి, పాకులాటా ఉంది.

జవాబు: పటమట, విజయవాడ

ఇంత శల్యపరీక్ష అవసరమా? ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’ అని వేమన ఏనాడో తేల్చేశాడు.

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

తేల్చేశాడా? 1964 ఫిబ్రవరిలో లిస్టన్‌ను ఓడించి, ప్రపంచాన్ని కుదిపేశానంటూ రింగులో కేకలు పెట్టిన కుర్రవాడు కాలక్రమంలో మహమ్మద్ అలీ అయ్యాడు. అక్కడ మోగింది కనకమే.

జవాబు: గాంధీనగర్, విజయవాడ

హనుమంతరాయ గ్రంథాలయంలో పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాడిని, కాబట్టి పోలిక భారతంలోంచే తెస్తాను. మీకు కావలసినవాడు ఉత్తరుడు కాదు, భీముడు. దుర్యోధనుడు తొడలు విరిగి పడ్డాక, ఆనాడు మమ్మల్ని ‘ఎద్దు, ఎద్దు’ అని ఎగతాళి చేస్తూ గంతులు వేశారే, ఇప్పుడు గంతులు మావి అంటూ ఎడమకాలితో అతడి తల తన్నాడు. ఇక మీరడిగే జనస్పందన చూడండి. సోమకుల్లో పెద్దమనుషులకు అది నచ్చలేదు. ధర్మరాజు తమ్ముడిని వారించాడు. తొడల మీద కొట్టడం అధర్మమని బలరాముడు నాగలెత్తాడు. కాసేపటికి సేన అంతా దుర్యోధనుడిని తిట్టిపోస్తుంటే, చచ్చిన శత్రువును మాటలతో మళ్లీ చంపడం న్యాయం కాదన్నాడు కృష్ణుడు. అని ఊరుకున్నాడా? ఆ నోటితోనే దుర్యోధనుడిని పాపి అని, కట్టెలా పడి ఉన్నాడని తూలనాడాడు, పడి ఉన్నవాడి చేత నాలుగు మాటలూ తిన్నాడు. హితవు చెప్పినవాడే నోరు చేసుకోవడం అప్పుడూ ఉంది.

జవాబు: పటమట, విజయవాడ

మరి మనవాళ్లు అంటే మనకు తప్పుగా తోచదు కదా! 1996 మార్చి 9న బెంగళూరులో పాకిస్థాన్ ఆటగాడు ఆమిర్ సొహైల్ ఫోరు కొట్టి, మళ్లీ అటే కొడతానని బ్యాటుతో బౌండరీ చూపించాడు. మరుసటి బంతికి వెంకటేశ్ ప్రసాద్ అతడి వికెట్టు పడగొట్టి, ఘాటైన మాటతో సాగనంపాడు. సొహైల్‌ది పొగరు అన్నాం, ప్రసాద్‌ది పౌరుషం అన్నాం.

జవాబు: అరండల్‌పేట, గుంటూరు

సరిగ్గా అదే అడగబోతున్నాను. వ్యాసంలో ఆ మర్నాడు షెర్మన్‌ను ఏమన్నారో రాశారా? అమెరికా టీవీల్లో, ఫోన్లలో అతడికి పడిన బిరుదు ‘థగ్’. మన దేశపు ‘ఠగ్’ తెల్లదొరల కాగితాల్లోకెక్కి, ఇంగ్లీషులో దారిదోపిడి హంతకుడై, అట్లాంటిక్ దాటి ఒక నల్లజాతి యువకుడి నెత్తిన పడింది. అతడు కాంప్టన్ పేటలో పెరిగి స్టాన్‌ఫర్డ్‌లో పట్టా పుచ్చుకున్నవాడు. నల్లవారిని పిలిచే ఆ బూతుమాటను బాహాటంగా అనలేనివారికి ఈ మాట మర్యాదస్తుల మారుపేరుగా దొరికిందని షెర్మన్ విలేకరుల ముందు చెప్పాడు. హాకీ ఆటగాళ్లు మంచు మీద పిడిగుద్దులకు దిగితే వాళ్లను అలా అనరేమని కూడా అడిగాడు. ఒక వ్యక్తిని తూలనాడినందుకు, జట్టు ఘనతను మరుగున పడేసినందుకు మన్నించమన్నాడు. ఫుట్‌బాల్ లీగ్ వేసిన 7,875 డాలర్ల జరిమానా మైదానంలో కవ్వింపు చేష్టలకే గానీ మైకు ముందు మాటలకు కాదు. ఇవన్నీ వదిలేసి ‘నోరు పారేసుకున్న షెర్మన్’ అంటే విచారణ లేకుండా తీర్పు రాసినట్టే. క్రీడా పేజీల్లో ఆ మాట అరిగిపోయింది కూడా.

ఎత్తిపొడుపు ఎలా ఉండాలో మా ఊరివాళ్లను అడగండి. 2019 ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడికి చోటివ్వకుండా విజయ్ శంకర్‌ను తీసుకుని, అతడిలో మూడు కోణాలున్నాయన్నాడు సెలెక్టర్ల పెద్ద ఎమ్మెస్కే ప్రసాద్. ప్రపంచకప్ చూడటానికి కొత్త త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకుంటున్నానని మర్నాడు రాయుడు రాశాడు. ఇద్దరూ గుంటూరులో పుట్టినవాళ్లే. అరుపు లేదు, పేరెత్తలేదు, తగలాల్సిన చోట తగిలింది.

మళ్లీ ప్రశ్న: సత్యనారాయణపురం, విజయవాడ

ధన్యవాదాలు మాస్టారూ. ‘షెర్మన్ మిడిసిపాటు’ అంటే?

జవాబు: బ్రాడీపేట, గుంటూరు

మిడిసిపాటు నెలల తరబడి ఉండే గుణం. అతడిది అర నిమిషం ఆవేశం.

జవాబు: పటమట, విజయవాడ

అయితే ‘తొడగొట్టిన షెర్మన్’.

జవాబు: గాంధీనగర్, విజయవాడ

తొడగొట్టేది బరిలోకి దిగేటప్పుడండీ, బయటికి వచ్చేటప్పుడు కాదు. ‘క్రాబ్‌ట్రీని ఈసడించిన షెర్మన్’ అని పెట్టండి. ఎవరు ఎవరినన్నదీ తెలుస్తుంది, తీర్పూ ఉండదు. చోటు చాలకపోతే క్రాబ్‌ట్రీ పేరును లోపలి వాక్యంలోకి దించండి.